చలికాలంలో కుక్కతో కాలవ గట్టు మీద జియోకాచింగ్ యాప్, రెండు సీజన్లు వాడాక

మా బ్రూనోగాడికి ఎండైనా చలైనా నడక ఒకటే, రోజూ తిప్పాల్సిందే. అదే దారిలో తిప్పి తిప్పి ఇద్దరికీ విసుగొచ్చిన టైంలో ఈ జియోకాచింగ్ యాప్ పెట్టుకున్నా, రెండు చలికాలాలు వాడాక ఇప్పుడు రాస్తున్నా.

తెలియని వాళ్ళకి చెప్తా. ఎవరో ఒకరు ఒక డబ్బా దాచి అది ఎక్కడుందో జీపీఎస్ కోఆర్డినేట్స్ పెడతారు, మనం వెతికి లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, ఎక్కడ తీశామో సరిగ్గా అక్కడే పెట్టేసి రావాలి, అంతే ఆట. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్ చోటుని సరిగ్గా చూపించకుండా కావాలని పెట్టిన తేడాని తీసేసింది, ఆ మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్ దాచి అది ఎక్కడుందో ఇంటర్నెట్‌లో పెట్టాడు, మొదలైంది అక్కడే. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ముప్పై లక్షలకి పైనే ఉన్నాయి.

కుక్క ఉన్నవాళ్ళకి కాలవ గట్టే బెస్ట్ అని నా గట్టి నమ్మకం. దారి చదునుగా ఉంటుంది, తప్పిపోయే పని లేదు, పైగా రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలని రూలు ఉంది కదా, దానివల్ల కొంచెం నడక, కొంచెం ఆగడం, మళ్ళీ నడక, సరిగ్గా కుక్క నడిచే పద్ధతే అది! నేను లాకుల దగ్గర రాళ్ళ సందుల్లో వెతుకుతుంటే వాడు ఆ చుట్టుపక్కల గడ్డంతా వాసన చూసుకుంటాడు, ఇదివరకు వాడు ఆగితే నేను లాగేదాన్ని, ఇప్పుడు ఆ గొడవే లేదు. ఇంకోటి, చలికాలంలో ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి వేసవిలో పొదల్లో అస్సలు కనపడని డబ్బాలు కూడా చెట్టు మొదట్లో దొరికేస్తాయి.

యాప్‌లో నాకు బాగా పనికొచ్చింది రేటింగ్. వెతకడం ఎంత కష్టమో ఒకటి, దారి ఎంత కష్టమో ఒకటి, రెండూ 1 నుంచి 5 దాకా ఇస్తారు. దారి 2 అని ఉంటే వాన పడ్డాక పొలాల వైపు దాన్ని 3 అనుకునే బయల్దేరండి, బురద అలా ఉంటుంది. కుక్కల్ని తీసుకెళ్ళొచ్చా లేదా అని గుర్తు కూడా ఉంటుంది, అది చూడకుండా వెళ్ళొద్దు. కొన్ని కాష్‌లు (ఈ డబ్బాల్నే అలా అంటారు) డబ్బు కట్టే ప్రీమియం వాళ్ళకే కనిపిస్తాయి గానీ మొదలుపెట్టడానికి ఫ్రీ అకౌంట్ చాలు.

ఇప్పుడు అసలు సంగతి. యాప్‌లో దారి చూపించే బాణం చివరిదాకా తీసుకెళ్ళదు. ఆకాశం బాగా కనపడేచోట కూడా ఫోన్ జీపీఎస్‌కి ఐదు మీటర్ల తేడా మామూలే, వంతెన కింద అయితే బాణం గిరగిరా తిరుగుతుంది. మొదటి చలికాలంలో ఒక వంతెన కింద ఇరవై నిమిషాలు ఆ బాణాన్నే పట్టుకుని వెతికా, వెనక్కి తిరిగి చూస్తే తడిసిన ఒంటితో కదలకుండా నిలబడి బ్రూనో వణికిపోతున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచి పది నిమిషాలు దాటితే దొరకలేదని యాప్‌లో లాగ్ రాసేసి కదిలిపోతా, అలా రాయడం తప్పేం కాదు, డబ్బా పోయిందేమో అని దాచినవాళ్ళకి కూడా తెలుస్తుంది. దగ్గరికి రాగానే ఫోన్ జేబులో పెట్టి, హింట్ చదివి, కళ్ళతో వెతకండి. ఫోన్ లోపలి జేబులోనే ఉంచండి, చలికి బ్యాటరీ నలభై శాతం మీద ఉండగానే నాది ఆగిపోయింది ఒకసారి.

వెతికేటప్పుడు తాడు మాత్రం వదలొద్దు. కాలవ మీద పల్చటి మంచు కట్టి దానిమీద ఆకులు పడితే కుక్కకి అది నేలలాగే కనపడుతుంది, ఒక్క అడుగు వేస్తే లోపలికి పోతుంది, నిటారు గట్టు కాబట్టి దానంతటది పైకి రాలేదు. రెండు చేతులూ కావాలి కదా, అందుకే నేను తాడుని నడుం బెల్ట్‌కి మార్చుకున్నా. పొలాల్లోకి వెళ్తే పశువుల దగ్గర ఎలాగూ కట్టే ఉంచాలి, గేటు తీస్తే మళ్ళీ వేయాలి. ఇంటికొచ్చాక కుక్క వేళ్ళ మధ్య మంచు ముద్దలు, మంచు కరగడానికి దారిమీద చల్లిన ఉప్పు గోరువెచ్చని నీళ్ళతో కడగాలి, లేకపోతే నాకేస్తాయి.

పెన్ను బదులు పెన్సిల్ పట్టుకెళ్ళండి, చలికి పెన్ను రాయదు, తడి కాగితం మీద అసలే రాయదు. ఆ వంతెన కిందది మొన్న పొడి రోజు చూసుకుని వెళ్తే దొరికింది, అయస్కాంతంతో రెయిలింగ్ వెనక అతుక్కుని ఉంది, బఠాణీ గింజంత డబ్బా. బ్రూనో అప్పటికే ఆ రెయిలింగ్ దగ్గరే కూర్చుని ఉన్నాడు.