ఆరున్నరకు తలుపు మూసేసే డేకేర్

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఉన్న టవర్‌లోనే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది ఈ డేకేర్. ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తున్నాను, ఆ అర ఎందుకు తగ్గించానో తర్వాత చెప్తాను. సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు, పది నిమిషాలు కూడా ఆగరు అని చాలామంది తల్లిదండ్రులు కంప్లయింట్ చేస్తుంటారు. నన్నడిగితే ఇక్కడ అన్నిటికంటే మంచి విషయం అదే.

అంతకుముందు ఉప్పల్‌లో మా ఇంటి దగ్గర ఇంకో డేకేర్‌లో ఉంచేవాళ్లం. అక్కడ రాత్రి తొమ్మిది దాకా చూసుకునేవాళ్లు. వినడానికి ఎంతో సౌకర్యం అనిపిస్తుంది. కానీ ఆ సంగతి టీమ్‌లో అందరికీ తెలుసు కాబట్టి సాయంత్రం ఆరింటికి కూడా కొత్త కాల్ పెట్టేవాళ్లు, "పాపని తొమ్మిది దాకా చూసుకుంటారుగా" అని మేనేజర్ మామూలుగానే అనేసేవారు, అది అయ్యాక నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగి వెళ్లేసరికి పాప నిద్రపోయి ఉండేది, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవడమే. డేకేర్ ఇచ్చిన టైమంతా ఆఫీసే తినేసింది.

ఇక్కడ చేర్చాక ఆరుంపావుకి ల్యాప్‌టాప్ మూసేస్తున్నాను. ఎవర్నీ బతిమాలక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు, కింద తలుపు మూసేస్తారని అందరికీ తెలుసు. మా టీమ్‌లో ఇంకొందరు కూడా పిల్లల్ని ఇక్కడే చేర్చాక, సాయంత్రం మీటింగ్ పెడితే సగం మంది ఉండరని అర్థమై రివ్యూ కాల్‌ని పొద్దున పదకొండుకి మార్చారు. ఇప్పుడు పెళ్లికాని పిల్లలు కూడా టైముకి ఇంటికి వెళ్తున్నారు. ఆగిన పని ఒక్కటీ లేదు.

ఆరున్నరకు మూయడం వల్ల ఇంకో మేలు ఉంది, అది బయటివాళ్లకు కనబడదు. ఇక్కడి ఆయమ్మలు మారరు. వాళ్లకూ ఇంట్లో పిల్లలున్నారు, టైముకి పంపిస్తున్నారు కాబట్టి ఉంటున్నారు. పాత చోట మా పాప ఒకరికి అలవాటు పడేలోపే వాళ్లు మానేసేవాళ్లు, మళ్లీ కొత్త ముఖం, మళ్లీ పొద్దున్నే ఏడుపు.

లోపల శుభ్రంగా ఉంటుంది, చెప్పులు ఎవరైనా బయటే విప్పాలి. పడుకునే గదిలో దుప్పట్లు ఎవరివి వాళ్లకే, మూలన పిల్లల పేర్లు కుట్టి ఉంటాయి. మధ్యాహ్నం మెత్తగా పిసికిన పప్పన్నంలో నెయ్యి, సాయంత్రం రాగి జావ. ఎంత తింది, ఎంతసేపు పడుకుంది అన్నీ ఆయమ్మ ఒక రూళ్ల నోట్‌బుక్కులో రాసిపెడుతుంది. యాప్ కూడా ఉంది గానీ నాకు ఆ పుస్తకం మీదే నమ్మకం. ఒకరోజు అందులో "అన్నం వద్దంది, పన్ను వస్తున్నట్టుంది, చూడండి" అని ఉంది. ఇంటికెళ్లి వేలు పెట్టి చూస్తే కింది చిగురు మీద నిజంగానే గరుగ్గా తగిలింది.

తల్లులు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని సవరించినప్పుడు ప్రసూతి సెలవుని 26 వారాలు చేయడంతో పాటు, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని, తల్లి రోజుకు 4 సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని పెట్టారు. ఈ నాలుగు సార్ల సంగతి చాలామందికి తెలియదు, హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి చెప్పరు కూడా. మీ ఆఫీసులో అడగండి. ఇక్కడైతే నాన్నలు వచ్చినా ఆపరు, అది నాకు బాగా నచ్చింది.

ఫీజులో సగం మా కంపెనీ కడుతుంది. దానివల్ల కంపెనీకి ఏం ఒరుగుతుంది అనేవాళ్లకు మా టీమ్ సంగతే చెప్తాను. బిడ్డను చూసేవాళ్లు లేక ఒకావిడ రిజైన్ చేద్దామనుకుని, ఇది తెరిచాక ఆగిపోయింది. ఆమె వెళ్లిపోయుంటే కొత్తవాళ్లను వెతకాలి, వాళ్ల నోటీస్ పీరియడ్ అయ్యేదాకా ఆగాలి, వచ్చాక పని నేర్పాలి, అన్ని నెలలూ ఆమె పని మా నెత్తిన పడేది. దాని ముందు ఈ సగం ఫీజు ఎంత?

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025లో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 అన్నారు, వింటే నాకు నిజంగా బాధేస్తుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లోనే చెప్పాయి. ఆ గంటల్లో ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారో కూడా వాళ్లు చెప్పాలి కదా.

ఇక అర స్టార్ సంగతి. ఏసీ మరీ చల్లగా పెడతారు, ఎన్నిసార్లు చెప్పినా రెండ్రోజులే తగ్గిస్తారు. ఈ ఏడాది ఫీజు పెంచేటప్పుడు ముందుగా చెప్పలేదు. మాలాగా దూరం నుంచి వచ్చేవాళ్లు పొద్దున రద్దీలో పిల్లను ఎత్తుకుని మెట్రోలో రావాలి, ఇది డేకేర్ తప్పు కాదు గానీ కష్టమే. అమెరికా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లకైతే ఇది అస్సలు కుదరదు, వాళ్ల కోసం కంపెనీలు వేరే ఏర్పాటు చేయాలి.

ఏడాదిలోపు పిల్లలకు సీట్లు తక్కువ, సెలవులో ఉండగానే పేరు రాయించుకోండి. చూడ్డానికి పొద్దున పూట కాకుండా సాయంత్రం ఆరింటికి వెళ్లండి, రోజంతా పనిచేశాక కూడా ఆయమ్మలు పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.