మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్: నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు తగ్గించానంటే

క్లినిక్‌కి రివ్యూ అంటే ఎంతసేపు కూర్చోబెట్టారు, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారు, అక్కర్లేని టెస్టులు రాశారా అనే చూస్తాం. అవన్నీ ఇక్కడ బాగానే ఉన్నాయి. నేను చూసేది ఇంకొకటి. ఇంట్లో చావో, పుట్టుకో, విడాకులో, క్యాన్సర్ అని తేలడమో జరిగినప్పుడు మన డాక్టర్ మనకు దొరుకుతారా, లేదా?

మా డాక్టర్ గారు దొరికారు. నాన్న పోయిన వారంలో ఆవిడే ఫోన్ చేశారు. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా, నిద్ర పడుతోందా, అందరూ వేళకి తింటున్నారా అని అడిగి, ఫోన్ అమ్మకి ఇవ్వమన్నారు. "ఇంకో నెల ముందు ఆస్పత్రిలో చేర్చినా ఆయన జబ్బు ఆగేది కాదమ్మా, మీరు చేయాల్సిందేదీ మిగల్లేదు" అన్నారు. అదే మాట మేమందరం ఎన్నిసార్లు చెప్పినా అమ్మకి ఎక్కలేదు, నాన్న ఫైలు మొదటినుంచీ చూసిన మనిషి చెబితే ఎక్కింది, ఆ రాత్రి నుంచి తనని తాను తిట్టుకోవడం తగ్గింది. ఆ ఫోన్‌లో కొత్త మందేమీ రాయలేదు. అయినా నా లెక్కలో అది వైద్యమే.

1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు డాక్టర్లు జీవితంలో వచ్చే మార్పులకి ఒత్తిడి మార్కులు వేశారు. భార్యో భర్తో పోతే 100, విడాకులకి 73, చివరికి పెళ్లికి కూడా 50. అలాంటి సమయంలో మన సంగతి తెలిసిన డాక్టర్ కావాలనుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు. నార్వేలో లక్షల మంది రికార్డులు చూసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, 15 ఏళ్లకు పైగా ఒకే ఫ్యామిలీ డాక్టర్ ఉన్నవాళ్లలో, ఏడాదే అయినవాళ్లతో పోలిస్తే, వేళకాని వేళ వైద్యానికి పరిగెత్తడం, ఆస్పత్రిలో చేరడం, మరణాలు, మూడూ 25 నుంచి 30 శాతం తక్కువగా కనిపించాయి. కారణం అదొక్కటే అని చెప్పలేం, కానీ తీసిపారేసే తేడా కాదు.

ఇక తగ్గించిన స్టార్ సంగతి. అది డాక్టర్‌కి కాదు, కొత్తగా పెట్టిన బుకింగ్ యాప్‌కి. "మీ సమస్య" అన్న చోట జ్వరం, దగ్గు, కడుపునొప్పి, చర్మం, "ఇతర" అని ఉంటాయి. మా చెల్లికి రెండోసారి గర్భం పోయినప్పుడు "ఇతర" నొక్కితే, యాప్ ఆ పూట ఖాళీగా ఉన్న వేరే డాక్టర్ దగ్గరికి పంపింది. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కానీ మొదటిసారి ఏం జరిగిందో అదంతా ఏడుస్తూ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చింది. ఇది నాకు చాలా బాధనిపించింది.

డాక్టర్ గారు రాత్రింబవళ్లు ఫోన్ ఎత్తాలని నేను అనడం లేదు, ఆవిడకీ ఇల్లుంది. యాప్‌లో "నా డాక్టర్‌తోనే మాట్లాడాలి" అని ఒక్క ఆప్షన్ పెట్టండి, మరుసటి రోజు ఐదు నిమిషాల ఫోన్ అయినా చాలు. అప్పటిదాకా ఇక్కడికి వెళ్లేవాళ్లు యాప్ వదిలేసి రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ఇంట్లో ఏం జరిగిందో సూటిగా చెప్పండి. అలా చెబితే అపాయింట్‌మెంట్ మీ డాక్టర్‌ దగ్గరే ఇస్తున్నారు.