కొత్త డిస్కులకు పాత ప్యాడ్లు: ఉంచాలా, మార్చేయాలా?

ముందు చక్రాల బ్రేకు డిస్కులు మార్చే రోజున షెడ్డులో ఈ మాట తప్పకుండా వస్తుంది: "ప్యాడ్లు ఇంకా సగం ఉన్నాయి సార్, అవే వేసేద్దామా?" చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, బ్రేకు తొక్కితే దాన్ని రెండు వైపుల నుంచి నొక్కి ఆపేవి ప్యాడ్లు. ఆ మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. చాలా కార్లలో కొత్త ప్యాడు మీద రాపిడి పొర 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3 దగ్గరికి వస్తే మార్చేస్తారు. ఇంకా 6 మిగిలి ఉంటే పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? నాకూ ఒప్పలేదు. విశాఖలో మా కారుకు డిస్కులు మార్పించినప్పుడు పాత ప్యాడ్లే పెట్టించాను.

మర్నాటి నుంచే తేడా తెలిసింది. సిగ్నల్ దగ్గర కీచుమని శబ్దం. పెడల్ ఎప్పటికంటే గట్టిగా తొక్కితే గానీ బండి ఆగడం లేదు. పిల్లల్ని ఎక్కించుకోవాలంటేనే టెన్షన్ పట్టుకుంది. చక్రం విప్పించి చూస్తే కొత్త డిస్కు మీద రెండు సన్నటి మెరుపు వలయాలున్నాయి. మిగతా భాగాన్ని ప్యాడు తాకనే లేదు.

ప్యాడు, డిస్కు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కలిసే అరుగుతాయి. డిస్కు మీద గాడి పడిన చోట ప్యాడు మీద గట్టు మిగులుతుంది. పాత డిస్కు ఉన్నంత కాలం ఆ గట్టు ఆ గాడిలో కూర్చుంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. అదే ప్యాడును చదునైన కొత్త డిస్కుకు ఆనిస్తే గట్లు మాత్రమే తగులుతాయి, వేడంతా ఆ కాస్త చోటే పోగవుతుంది. ప్యాడు పైపొర గాజులా నునుపెక్కి పట్టు తగ్గుతుంది. ప్యాడు పదార్థం డిస్కుకు మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. కొన్నాళ్లకు బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణకడం మొదలైతే చాలాసార్లు ఆ మచ్చలే కారణం.

రెండూ కొత్తవి వేయిస్తే ఖర్చు పెరిగేది ప్యాడ్ల ధర మేరకే. చక్రం, ప్యాడ్లను పట్టి డిస్కుకు నొక్కే కాలిపర్ ఎలాగూ విప్పారు, కూలీ అదే. పాతవి పెట్టి ఆరు నెలల తర్వాత మళ్లీ విప్పిస్తే ఆ కూలీ రెండోసారి కట్టాలి. పైగా రెండింటిలోనూ ఖరీదైనది డిస్కే, చవకైన ప్యాడు కోసం దాన్ని పాడు చేసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మూడో దారి కూడా ఉంది: పాత డిస్కునే లేత్ మిషను మీద పట్టించి, అంటే పైపొర చెక్కించి చదును చేయించి, కొత్త ప్యాడ్లు వేయడం. డిస్కు మీద కనీసం ఎంత మందం ఉండాలో ఆ అంకె ముద్రించి ఉంటుంది. పట్టించాక కూడా దానికంటే బాగా ఎక్కువే మిగిలితే ఇది మంచి పనే. అంకెకు దగ్గరగా ఉంటే మాత్రం వద్దు, పలచబడిన డిస్కు వేడిని తట్టుకోలేదు.

మరి పాత ప్యాడ్లు ఎప్పుడూ పనికిరావా? వేసి రెండు మూడు వేల కిలోమీటర్లే అయి, ముఖం చదునుగా ఉండి, లోపలి ప్యాడు, బయటి ప్యాడు సమానంగా అరిగి ఉంటే వాడుకోవచ్చు. మందపాటి గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ముఖాన్ని సమంగా రుద్ది, ఏ ప్యాడు ఎక్కడిదో అక్కడే పెట్టాలి. నూనె గానీ బ్రేక్ ఆయిల్ గానీ పీల్చుకున్న ప్యాడును ఎంత మందం ఉన్నా తీసేయాల్సిందే. లోపలిది ఒకటే బాగా అరిగి ఉంటే ప్యాడ్ల సంగతి పక్కన పెట్టి ముందు కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నులు, ప్యాడును నెట్టే పిస్టన్ చూపించండి. అవి బిగుసుకుపోయి ఉంటే కొత్త డిస్కుకూ అదే గతి పడుతుంది. మా బండిలో జరిగింది అదే. సముద్రపు గాలికి పిన్నులు తుప్పుపట్టాయని ప్యాడ్లు మార్చినప్పుడే బయటపడింది.

చివరికి రెండు వైపులా కొత్త ప్యాడ్లు వేయించాను. డిస్కులను బ్రేక్ క్లీనర్‌తో తుడిపించి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. 50 వేగం నుంచి 10కి మెల్లగా తగ్గించడం, కాస్త దూరం చల్లారనివ్వడం, మళ్లీ తగ్గించడం. ఇలా పదిసార్లు చేశాక పెడల్ మీద పట్టు చిక్కింది. ఆ తర్వాతి వారమే అరకు ఘాట్ రోడ్డు దిగాను. కీచుమన్న శబ్దం లేదు, స్టీరింగ్ వణకలేదు.