ఇటాలియనా, లండనా: కొత్తగా చెస్ నేర్చుకునే పిల్లలకు ఏది మేలు?

పర్లాకిమిడిలో మా అరుగు మీద ఆదివారాలు ఆరేడుగురు పిల్లలకు చెస్ నేర్పుతాను. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడే పిల్లలు. కొందరికి తాతలు పాత పద్ధతిలో ఆట నేర్పి పంపుతారు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. అలా వచ్చినవాళ్లు అంచు బంట్లను ఒక్కొక్కటే జరుపుతూ కూర్చుంటారు. వీళ్లకు మొదట ఏ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే ఎత్తుల వరస) చెప్పాలంటే, నేను ఇటాలియన్ అంటాను.

రాజు ముందు బంటు ఇ4కి, అంటే ఇ అనే నిలువు వరసలో నాలుగో గడికి వస్తుంది. ఆ ఒక్క ఎత్తుతో మధ్యలో చోటు దొరుకుతుంది, శకటుకూ మంత్రికీ దారి తెరుచుకుంటుంది. ఎదుటివాళ్లు ఇ5 ఆడితే మన గుర్రం ఎఫ్3కి వచ్చి ఆ బంటు మీద కన్నేస్తుంది. దాన్ని కాయడానికి వాళ్ల గుర్రం సి6కి వస్తుంది. అప్పుడు మన శకటు సి4 నుంచి ఎఫ్7 వైపు చూస్తుంది. అక్కడున్న బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు. నాలుగో ఎత్తుకే క్యాస్లింగ్ చేసేయొచ్చు, అంటే ఒకే ఎత్తులో రాజును పక్కకు జరిపి ఏనుగును దాని అవతలికి తేవడం. ప్రతి ఎత్తుకూ ఒక కారణం ఉంది, చెబితే ఎనిమిదేళ్ల పిల్లలకూ అర్థమవుతుంది. ఎదుటివాళ్లు సి5 ఆడితే ఈ వరస కుదరదు, నిజమే. కానీ మధ్య గడులు, పావుల్ని బయటికి తేవడం, రాజుకు రక్షణ అన్న ఆలోచన అక్కడా పనికొస్తుంది.

లండన్ అనే ఓపెనింగ్‌లో డి4 (మంత్రి ముందు బంటు), శకటు ఎఫ్4, ఇ3, గుర్రం ఎఫ్3, శకటు డి3. క్యాస్లింగ్ ఆరో ఎత్తుకు గానీ కాదు. గట్టి ఏర్పాటే. నల్లపావుల వాళ్లు ఏం ఆడినా చాలావరకు ఇదే వరస నడుస్తుంది కాబట్టి, టోర్నమెంట్ అంటే టెన్షన్ పడే పిల్లలకు ఊరట. నా భయమూ అదే. ఎదుటి ఎత్తు చూడటం మానేస్తారు.

మా దగ్గర ఒక పాపకు అదే జరిగింది. నల్లవాళ్లు సి5 తోసి మంత్రిని బి6కి తెచ్చారు. శకటు సి1 వదిలేసింది కాబట్టి బి2 బంటుకు కాపలా లేదు. పాప అలవాటు ప్రకారం తర్వాతి ఎత్తు వేసేసింది, బంటు పోయింది. "అన్నీ సరిగ్గానే ఆడాను కదా మావయ్యా" అంది, కళ్లనీళ్లతో. వరస ఎక్కడా తప్పలేదు మరి.

డి4ను తక్కువ చేయడం లేదు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి ఎక్కువగా ఆడేది డి4యే. కానీ ఆమె చూసి ఆడుతుంది.

ఇక మంత్రిని రెండో ఎత్తుకే హెచ్5కి తెచ్చి నాలుగెత్తుల్లో ముగించాలనుకునే ఆట నేను నేర్పను. ఎదుటివాళ్లు ముందు గుర్రాన్ని సి6కి తెచ్చి ఇ5 బంటును కాచుకుని, తర్వాత జి6 బంటు తోస్తే మంత్రి వెనక్కి పరుగెత్తాలి.

ఆ పాప చేత లండన్ మాన్పించలేదు. ప్రతి ఎత్తుకూ ముందు "ఇప్పుడు దేని మీదికొస్తున్నారు?" అని పైకి అనమన్నాను. పోయిన ఆదివారం తనే ఇ4 ఆడింది.