జిగురుతో అతికించిన ఫోనా, స్క్రూలతో బిగించిన ఫోనా?

బ్యాటరీని జిగురుతో అతికించిన ఫోను సన్నగా ఉంటుంది. కానీ ఛార్జింగ్ నిలవనప్పుడు వెనుక పలకను వేడిచేసి పెకలించాలి. ఆ ప్రయత్నంలో అద్దం పగలవచ్చు కూడా. స్క్రూలతో బిగించినది కాస్త మందం. అయితేనేం, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. మన ఫొటోలు, సందేశాలు ఉన్న ఫోనును ఎవరికీ అప్పగించనక్కరలేదు.

స్క్రూలు ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని కంపెనీలు విడిభాగాలకు సాఫ్ట్‌వేర్ తాళం వేస్తాయి: అదే మోడల్ నుంచి తీసిన అసలు తెరను బిగించినా కొన్ని సదుపాయాలు పనిచేయవు. డబ్బు పెట్టి కొన్న వస్తువుపై ఇదేం పెత్తనం? అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో ఈ పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది. సమాచారం విషయంలో యూరోపియన్ యూనియన్ ముందుంది: 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తిస్తున్న డేటా చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌కు అనుసంధానమైన పరికరం పోగుచేసిన వివరాలను వాడేవారు అడిగి తీసుకోవచ్చు.

నేనైతే మందమైన ఫోనునే ఎంచుకుంటాను, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అడిగాకే.