పాత సామాన్లతో బుల్లి ఆవిరి ఇంజన్: ఊగే సిలిండరా, స్లైడ్ వాల్వా?

చేతిలో ఉన్నవి ఇత్తడి గొట్టం ముక్క, పాత ప్రింటర్‌లోంచి ఊడదీసిన స్టీల్ కడ్డీ, రెండు బేరింగులే అయితే ఊగే సిలిండర్‌కే నా ఓటు. ఇందులో వేరే వాల్వంటూ ఉండదు. క్రాంక్ (పిస్టన్ ముందువెనకల కదలికను గుండ్రటి తిప్పుడుగా మార్చే వంపు కడ్డీ) తిరిగేకొద్దీ సిలిండరే అటు ఊగినప్పుడు ఆవిరి వచ్చే రంధ్రానికి, ఇటు ఊగినప్పుడు బయటికి పోయే రంధ్రానికి ఎదురొస్తుంది. అసలు పనంతా సిలిండర్ చదును ముఖం, రంధ్రాలున్న దిమ్మ చదును ముఖం కలిసే చోటే. అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, నూనె వేసి, గీతలు పోయేదాకా ఓపిగ్గా రుద్దాలి. వాటిని అదిమిపట్టే స్ప్రింగు వదులైతే ఆవిరి బుస్సుమంటుంది, మరీ బిగిస్తే ఇంజన్ కదలనంటుంది.

స్లైడ్ వాల్వ్ అంటే కదలని సిలిండర్ రంధ్రాల మీద జారుతూ ఆవిరిని లోపలికి, బయటికి మళ్లించే పలక. దీనికి ఎక్సెంట్రిక్ (వాల్వ్‌ను కదిలించే, కేంద్రం పక్కకు ఉన్న చక్రం), వాల్వ్ పెట్టె, క్రాస్‌హెడ్ (పిస్టన్ కడ్డీని తిన్నగా నడిపే జారుడు దిమ్మ) అన్నీ కావాలి. లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) లేకపోతే కష్టమే. కాకపోతే స్ట్రోకు (పిస్టన్ ఒక చివర నుంచి మరో చివరకు కదలడం) మధ్యలోనే ఆవిరిని ఆపేసి, మిగతా పని దాని వ్యాకోచంతో చేయించుకోవచ్చు. బరువు లాగించాలంటే ఇదే మేలు.

ఏది చేసినా ముందు గాలి పంపుతో తిప్పి చూడండి. బాయిలర్‌కి మాత్రం పాత రేకు డబ్బా వద్దు. అతుకులకు వాడే మామూలు తగరం-సీసం టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది. నీళ్లు అయిపోతే అతుకు ఊడినట్టే. రాగి గొట్టానికి వెండి టంకం వేసి, సేఫ్టీ వాల్వ్ పెట్టి, చల్లని నీటి ఒత్తిడితో పరీక్షించాకే మంట వెలిగించండి.