విశాఖలో ఒక సర్వే సంస్థ పనితీరు: ఇళ్ల ఎంపిక బాగుంది, దోష పరిమితి లెక్క తప్పింది

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ఎంత శాతం కుటుంబాలు తాగడానికి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కొంటున్నాయో తెలుసుకోవడానికి, మా కాలనీ సంఘాల తరఫున నగరంలోని ఒక సర్వే సంస్థకు పని అప్పగించాము.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లోనూ జగదాంబ జంక్షన్‌లోనూ 2,000 మందిని అడుగుతామన్నది వారి మొదటి ప్రతిపాదన. మేము ఒప్పుకోలేదు, ఎందుకంటే ఎంతమందిని అడిగామన్నదానికంటే ఎవరిని అడిగామన్నది ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఒక వారపత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినా, పేర్లను ఎక్కువగా టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి తీసుకోవడం వల్లా, జవాబు పంపినవారు పంపనివారిలాంటి వారు కాకపోవడం వల్లా, రూజ్‌వెల్ట్ ఓడిపోతారన్న దాని అంచనా పూర్తిగా తలకిందులైంది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నారు.

రెండో ప్రణాళిక మెచ్చుకోదగినది. 98 వార్డుల్లో 40 వార్డులను ఇళ్ల సంఖ్యకు తగిన అవకాశమిచ్చి లాటరీలో తీసి, ఒక్కొక్క వార్డులో ఇళ్ల జాబితా నుంచి యాదృచ్ఛిక సంఖ్యలతో 10 ఇళ్లను ఎంచుకున్నారు. నగరంలోని ప్రతి ఇంటికీ సమాన అవకాశం దక్కింది కనుకనే, ఆ 400 ఇళ్ల జవాబుల నుంచి నగరమంతటి గురించి మాట్లాడే అర్హత మాకు వచ్చింది. గాజువాకలో ఉక్కు కర్మాగారం షిఫ్టుల వల్ల పగలు తాళం వేసి ఉన్న ఇళ్లకు బదులు పక్కింటిని అడిగి ముగించకుండా, వేర్వేరు వేళల్లో మూడేసి సార్లు వెళ్లారు. ఆ ఓపిక నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది, ఎందుకంటే పగలు ఇంట్లో మనుషులు ఉండే కుటుంబాల నీటి అవసరం వేరు.

లోపం నివేదికలో ఉంది. 95 శాతం విశ్వాస స్థాయిలో దోష పరిమితి 5 శాతమని రాశారు; అంటే ఇలాంటి సర్వేను వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు అంచనా అసలు శాతానికి అటూ ఇటూ 5 లోపే ఉంటుందని. నగరమంతటా విడివిడిగా 400 ఇళ్లను తీసి ఉంటే అది సరిపోయేది. కాని ఒకే వార్డులోని ఇళ్లకు ఒకే కుళాయి నీరు వస్తుంది, కాబట్టి వాటి జవాబులూ కొంత కలుస్తాయి. ఆ సహసంబంధం, అంటే జవాబులు ఎంత కలుస్తాయన్న కొలత (0 అంటే అసలు సంబంధం లేదు, 1 అంటే అన్నీ ఒకటే), 0.1 ఉన్నా పరిమితి దాదాపు 7 శాతానికి చేరుతుంది. అడిగిన వారం రోజుల్లో, అదనపు రుసుము లేకుండా, పట్టికను సవరించి ఇచ్చారు.

వార్డులవారీ శాతాలు కూడా కావాలని మా సభ్యులు కొందరు కోరగా, 10 ఇళ్లను చూసి ఒక వార్డు సంగతి చెప్పలేమని సంస్థ నిరాకరించింది. ఈ విషయంలో నేను సంస్థ పక్షమే.